మారుమూల ఊళ్లలో కౌన్సెలింగ్, కుటుంబ సహాయ సేవ ఎలా నడపాలి

మారుమూల ఊళ్లకు కౌన్సెలింగ్ సేవ పెట్టాలనుకునేవాళ్లు మొదట బండి గురించి, రోడ్డు గురించి, ఫోన్ సిగ్నల్ గురించి లెక్కలేసుకుంటారు. అవన్నీ కావలసినవే. కానీ నాలుగిళ్ల అవతలే కౌన్సెలర్ కూర్చున్నా ఒక్కరూ గడప తొక్కని ఊళ్లు ఉంటాయి. అక్కడ అడ్డం పడేది నలుగురి కళ్లు. ఆ గదిలోకి వెళ్తుంటే ఎవరు చూస్తారో, సాయంత్రానికి ఎవరెవరి నోళ్లలో నానాలో అన్న భయం జనాన్ని ఇంట్లోనే ఆపేస్తుంది. పట్నంలో కౌన్సెలర్ మళ్లీ ఎదురుపడకపోవచ్చు. చిన్న ఊళ్లో ఆమె మీ పిల్లవాడి టీచరుకు చెల్లెలు, మీ పక్కింటివాళ్లకు కోడలు.

అందుకని ఈ పనిలో ఏ నిర్ణయం తీసుకున్నా 'ఇది వాళ్లకు ఎంత దగ్గర?' అని ఒకసారి ఆలోచిస్తే, 'దీనివల్ల వాళ్లు ఎవరి కంట పడతారు?' అని రెండుసార్లు ఆలోచించండి. మీరు ఆరోగ్య కార్యకర్త కావచ్చు, టీచరు కావచ్చు, నలుగురు కలిసి పెట్టుకున్న చిన్న సంఘంలో మనిషి కావచ్చు. సైకాలజీ డిగ్రీ లేకపోయినా ఇందులో చాలా భాగం మీరు చేయగలరు. చేయకూడనివి ఏవో కూడా చెబుతాను.

1. మొదటి నెల వినడానికే

బోర్డు పెట్టకముందు కనీసం ఒక నెల ఊళ్లో తిరిగి వినండి. 'మీ ఊళ్లో మానసిక సమస్యలు ఉన్నాయా?' అని అడిగితే 'అబ్బే, మా దగ్గర అలాంటివేం లేవండీ' అనే జవాబే వస్తుంది. 'ఇంట్లో గొడవ ముదిరితే ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తారు?', 'రాత్రుళ్లు నిద్రపట్టకపోతే ఎవరికి చెప్పుకుంటారు?', 'ఈ మధ్య కష్టంలో ఉన్నవాళ్లకు ఎవరి వల్లనైనా మేలు జరిగిందా?' అని అడగండి. కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఒక నర్సు, ఒక రిటైరైన టీచరు, కిరాణా కొట్టు నడిపే ఆమె, జుట్టు కత్తిరించే ఆయన. మీరు రాకముందు నుంచీ కౌన్సెలింగ్ చేస్తున్నది వాళ్లే. వాళ్లను పక్కన పెట్టి మొదలుపెట్టిన సేవ నిలబడదు.

ఏ పేరు ఎత్తితే జనం మాట మార్చేస్తారో అది కూడా గుర్తుపెట్టుకోండి. ఆ మనిషి ఇంటి ఎదురుగా గది అద్దెకు తీసుకోకూడదు.

ఇదే నెలలో ఒక చిన్న జాబితా తయారుచేసుకోండి. దగ్గర్లోని ఆసుపత్రి, సైకియాట్రిస్ట్ (మానసిక వైద్యుడు), పోలీసు స్టేషన్, ఉచిత న్యాయ సహాయం, హింస నుంచి బయటపడ్డవాళ్లు తలదాచుకునే చోటు, పిల్లల రక్షణ చూసే ఆఫీసు. నంబర్లు రాసుకుంటే చాలదు. ప్రతిదానికీ ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూడండి. ఎత్తని నంబరు జాబితాలో ఉండటం కన్నా లేకపోవడమే నయం.

2. గది, పేరు, వేళ

'మానసిక ఆరోగ్య కౌన్సెలింగ్ కేంద్రం' అని పెద్దక్షరాల బోర్డు పెట్టారంటే ఆ తలుపు మీరే మూసేసినట్టు. మనిషి పది పనుల మీద వచ్చే చోట ఒక గది వెతకండి. టీకాలు వేసేచోటు, లైబ్రరీ, బడి, అర్జీలు రాసిపెట్టే ఆఫీసు. అక్కడికి వచ్చినవాళ్లు ఏ పని మీద వచ్చారో ఎవరికీ తెలియదు. గదికి వెళ్లే దారి, వచ్చే దారి వేరుగా ఉంటే ఇంకా మంచిది. బయట బెంచీ మీద వరుసగా కూర్చోబెట్టకండి, ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఇరవై నిమిషాలైనా ఖాళీ ఉంచండి. గోడ పలచగా ఉంటే బయట రేడియో పెట్టండి. లోపల ఒకరు మామూలు గొంతుతో మాట్లాడుతుంటే బయట నిలబడి మీరే విని చూడండి.

పేరు విషయంలో పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల అనుభవం బాగా పనికొస్తుంది. అక్కడ సైకియాట్రిస్ట్ ఆతిఫ్ రెహమాన్ బృందం గర్భిణులు, బాలింతల డిప్రెషన్‌కు ఒక పద్ధతి రూపొందించి, ఇంటింటికీ తిరిగే లేడీ హెల్త్ వర్కర్లకు నేర్పింది. వాళ్లు డిప్రెషన్ అన్న మాటతో ఇంట్లోకి వెళ్లలేదు. బిడ్డ బాగా పెరగాలంటే తల్లి బాగుండాలి, దాని గురించి మాట్లాడుకుందాం అంటూ వెళ్లారు. బిడ్డ మంచి అనేసరికి ఇంట్లోవాళ్లకూ అది తమ విషయమే అయింది. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికి డిప్రెషన్ ఉంది. శిక్షణ లేని కార్యకర్తలు అన్నేసార్లే వచ్చి వెళ్లిన తల్లుల్లో అది 53 శాతం.

దీనర్థం జనాన్ని మభ్యపెట్టమని కాదు. తలుపు మీద ఏ పేరున్నా, లోపల కూర్చున్నాక మీరెవరో, ఏం చేస్తారో, ఏం చేయలేరో సూటిగా చెప్పాలి.

3. మాట్లాడే మనిషి ఎవరు

సైకాలజిస్టులు మారుమూలకు వచ్చి స్థిరపడతారని ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. శిక్షణ పొందిన మామూలు మనుషులు సాధారణ డిప్రెషన్, ఆందోళన, తాగుడు సమస్యల్లో మంచి సాయం చేయగలరని ఇప్పటికే చాలా చోట్ల తేలింది. జింబాబ్వేలో సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా 2006లో హరారే నగరంలో పెద్ద వయసు మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టారు. నలుగురూ చూసేచోటే, కానీ చూసేవాళ్లకు ఎవరో అవ్వతో కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. ఆ పద్ధతి పనిచేస్తుందని 2016లో ప్రచురించిన పరిశోధనలో రుజువైంది. గోవాలో మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంగత్ సంస్థ కూడా ఇలాగే స్థానికులకు నేర్పి, డిప్రెషన్‌కు ఆరు నుంచి ఎనిమిది సెషన్ల కౌన్సెలింగ్ చేయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' అనే కౌన్సెలింగ్ పద్ధతి కూడా ఇలాంటివాళ్ల కోసమే. వారానికొకటి చొప్పున ఐదు సెషన్లు, ఒక్కోటి గంటన్నర. దాని చేతిపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. సొంతంగా ఏదో కనిపెట్టే బదులు దాంతో మొదలుపెట్టండి.

ఎంపిక చేసేటప్పుడు చదువు కన్నా ఒక గుణం చూడండి: ఆ మనిషికి ఇతరుల సంగతులు తెలిసినా ఊళ్లో తిరిగి వినపడవు. ఇది సర్టిఫికెట్ చూసి తెలుసుకునేది కాదు. ఊళ్లో ఐదారుగురిని విడివిడిగా 'మీ కష్టం ఈమెకు చెప్పుకుంటారా?' అని అడగండి. గలగలా మాట్లాడేవాళ్లు, సలహాల మీద సలహాలిచ్చేవాళ్లు ఈ పనికి పనికిరారనను గానీ, వాళ్లకు శిక్షణ రెట్టింపు కావాలి.

సొంత ఊరివాళ్లా, పక్క ఊరివాళ్లా అనే ప్రశ్న తప్పక వస్తుంది. నా సలహా, ఇద్దరినీ పెట్టుకోండి. కొందరు తెలిసిన మొహం ఉంటేనే నోరు విప్పుతారు, కొందరు తెలిసిన మొహం చూడగానే నోరు కుట్టేసుకుంటారు. ఎవరితో మాట్లాడాలో ఎంచుకునే అవకాశం వచ్చినవాళ్లకే ఇవ్వండి. అలాగే ఆడవాళ్లు ఒకరు, మగవాళ్లు ఒకరు ఉండాలి.

4. గుట్టు కాపాడే పద్ధతి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనిమీద పెట్టండి. ఒక్క మాట బయటికి పొక్కితే ఆ ఊళ్లో మీ సేవ అయిపోయినట్టే, ఇంకో పదేళ్లు ఎవరూ రారు.

మొదటి రోజు, మొదటి ఐదు నిమిషాల్లో ఇలా చెప్పండి: "మీరు చెప్పింది ఈ గది దాటదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే, పిల్లలకు ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే మాత్రం నేను ఇంకొకరి సాయం తీసుకోవాల్సి వస్తుంది. అప్పుడు కూడా వీలైనంత వరకు ముందు మీకు చెప్పే చేస్తాను. మీ చుట్టాలెవరైనా నాకు తెలిసి ఉండొచ్చు. వాళ్లు అడిగినా మీరు ఇక్కడికి వచ్చినట్టు కూడా చెప్పను." పిల్లల విషయంలో ఎవరికి తెలియజేయాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో చట్టం. మీ చోట ఉన్న నియమం ముందే తెలుసుకుని ఈ మాటల్లో చేర్చండి.

బయట ఎదురుపడితే ఏం చేయాలి? నగరాల్లో కౌన్సెలర్లకు 'మీరు ముందుగా పలకరించకండి' అని నేర్పుతారు. చిన్న ఊళ్లో అది తిరగబడుతుంది. రోజూ పలకరించుకునే మనిషి ఒకరోజు మొహం తిప్పుకుంటే 'వీళ్లిద్దరి మధ్య ఏదో ఉంది' అని అందరికీ అర్థమైపోతుంది. కాబట్టి వచ్చినవాళ్లనే అడగండి: "బజార్లో కనబడితే ఎలా ఉండమంటారు? ఎప్పట్లాగే పలకరించనా?" ఎక్కువమంది ఎప్పట్లాగే ఉండమంటారు. పలకరింపు వరకే, 'ఇప్పుడెలా ఉంది?' అన్న మాట మాత్రం నోట రాకూడదు.

రాసుకునే నోట్సులో పేర్లు, ఊరు, వృత్తి రాయకండి. నంబరు వేసుకోండి, ఏ నంబరు ఎవరిదో తెలిపే కాగితం వేరే చోట తాళం వేసి ఉంచండి. వివరాలు ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. 'కుటుంబంలో మాటల్లేవు, నిద్ర తక్కువ, వచ్చే వారం ఫోన్' అంటే చాలు. నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం, పేరు చెప్పకుండానైనా గ్రూపులో చర్చించడం, రెండూ వద్దు. పేరు లేకపోయినా 'ముగ్గురు ఆడపిల్లలు, భర్త లారీ డ్రైవర్' అంటే ఆ ఊళ్లో అది ఎవరో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

దగ్గరి బంధువు మీ దగ్గరికే వస్తే? వేరే కౌన్సెలర్‌కు అప్పగించండి. వేరేవాళ్లే లేకపోతే, ఆ ఇబ్బంది ఇద్దరూ ముందే మాట్లాడుకుని, ఏయే విషయాలు మీ ఇంట్లో ఎత్తకూడదో ఖాయం చేసుకుని అప్పుడు మొదలుపెట్టండి. ఈ సంగతి మీ పైన చూసేవాళ్లకు కూడా తెలియాలి.

5. మొదటి సెషన్ దానికదే నిండుగా ఉండాలి

దూరం నుంచి వచ్చిన మనిషి మళ్లీ వస్తారో రారో తెలియదు. వాన పడొచ్చు, పొలం పని పడొచ్చు, బస్సు తప్పిపోవచ్చు. 'ఇవాళ వివరాలు రాసుకుంటాం, వచ్చే వారం మాట్లాడదాం' అని పంపించేస్తే ఆ వచ్చే వారం రాకపోవచ్చు. మోషే టాల్మన్ అనే సైకాలజిస్ట్ ఒక్కసారే వచ్చి మానేసినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటే, ఎక్కువమంది ఆ ఒక్క సెషన్‌తోనే తమకు కావలసింది దొరికిందన్నారట. 1990లో ఆయన రాసిన ఈ సంగతి దూరపు ఊళ్లకు చాలా ధైర్యమిస్తుంది. ప్రతి సెషన్‌నూ ఇదే ఆఖరిది కావచ్చనుకుని నడపండి, కానీ తలుపు తెరిచే ఉంచండి.

ఎలాగో ఒక సందర్భం ఊహించి చెబుతాను. నడివయసు ఆమె వచ్చి అరగంట సేపు అప్పుల గురించి, అత్త జబ్బు గురించి, కొడుకు చదువు గురించి చెప్పింది. మీరు అడ్డం రాకుండా విన్నారు. తర్వాత:

"అమ్మా, ఇంత దూరం వచ్చారు. ఇన్నిటిలో ఏ ఒక్కటి కాస్త తేలికపడితే ఇవాళ వచ్చినందుకు పని జరిగిందనుకుంటారు?"

చాలాసేపు ఆలోచించి, "మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడి ఆరు నెలలైంది. అప్పుల సంగతి ఇద్దరం కలిసి ఆలోచిస్తే ఏదో దారి దొరుకుతుంది. అసలు మాటే లేదు."

"ఈ ఆరు నెలల్లో ఒక్కసారైనా బాగా మాట్లాడుకున్న రోజు ఉందా?"

"మొన్న ఆవు ఈనినప్పుడు. రాత్రంతా ఇద్దరం కొట్టంలోనే ఉన్నాం. అప్పుడు మాట్లాడాడు. అప్పు ఎంతుందో కూడా అప్పుడే చెప్పాడు."

"అలా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేసే పని ఈ వారంలో ఇంకేదైనా ఉందా?"

ఎదురెదురుగా కూర్చోబెట్టి 'మాట్లాడండి' అంటే నోరు పెగలని మగవాళ్లు చేతిలో పని ఉంటే మాట్లాడతారు. ఆ సంగతి ఆమెకు మీరు చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆమె అనుభవంలోంచే వచ్చింది. చివర్లో ఈ వారం చేయబోయే ఒక్క పని ఆమె మాటల్లోనే చెప్పించండి, కావాలంటే చీటీ మీద రాసివ్వండి. ఆ చీటీ ఇంట్లో ఎవరి కంట పడినా ఇబ్బంది లేనట్టు రాయాలి. మళ్లీ మాట్లాడటానికి రోజు, వేళ, ఏ ఫోనుకు చేయాలన్నది అక్కడికక్కడే ఖాయం చేసుకోండి.

డిప్రెషన్ ఉందేమో చూడటానికి పిహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం చాలా భాషల్లో దొరుకుతుంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడటం మంచిది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా మొత్తం ఎంతైనా సరే, అక్కడే ఆగి ఏడో మెట్టులో చెప్పినట్టు అడగండి. అయితే గదిలోకి రాగానే పత్రం చేతికివ్వకండి. ముందు మాట, తర్వాత పత్రం.

6. ఫోన్‌లో చేసేటప్పుడు

ఆస్ట్రేలియాలో 1929 నుంచి మారుమూల ఇళ్లకు కాలితో తొక్కి కరెంటు పుట్టించుకునే రేడియోలు వచ్చాయి. వాటితోనే డాక్టరును పిలిచేవాళ్లు. కానీ ఆ రేడియోలో ఎవరు ఏం మాట్లాడినా చుట్టుపక్కల అందరికీ వినబడేది. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా చాలా ఇళ్లలో ఇప్పటికీ అదే పరిస్థితి. ఫోన్ ఒకటే, స్పీకర్ ఆన్‌లో ఉంటుంది, పక్కన ముగ్గురుంటారు.

కాబట్టి ఫోన్ ఎత్తగానే విషయంలోకి వెళ్లకండి. "ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా? అవును, కాదు అంటే చాలు" అని అడగండి. మధ్యలో ఎవరైనా వస్తే వాడటానికి ఒక మామూలు మాట ముందే అనుకోండి. 'సరుకులు రేపు తీసుకుంటాను' అంటే ఫోన్ పెట్టేయాలని గుర్తు. వేరేవాళ్లు ఎత్తితే మీరు ఎవరని చెప్పాలో కూడా వాళ్లనే అడిగి ఉంచుకోండి. కాల్ మధ్యలో తెగిపోతే తిరిగి ఎవరు చేయాలో మొదట్లోనే అనుకోండి, లేకపోతే ఇద్దరూ చేసుకుంటూ ఉంటారు, లేదా ఇద్దరూ ఎదురుచూస్తూ ఉంటారు. వీడియో కన్నా మామూలు కాల్ నయం. సిగ్నల్ తక్కువ తింటుంది, పొలం గట్టు మీద నడుస్తూ మాట్లాడుకోవచ్చు.

మీ సేవ లేని వేళల్లో చేయడానికి ఒక హెల్ప్‌లైన్ నంబరు తప్పకుండా ఇవ్వండి. భారత్‌లో అయితే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

7. ప్రాణం మీదికి వచ్చినప్పుడు

అనుమానం వస్తే నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడగడంతోనే చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే కంగారుపడకుండా ఇంకా అడగండి. ఎలా అని ఆలోచించారా? అది ఇంట్లో అందుబాటులో ఉందా? ఎప్పుడు అనుకుంటున్నారు? ఇంతకుముందు ప్రయత్నించారా? మార్గం ఆలోచించి, అది చేతికందే చోట ఉంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. అంబులెన్స్ వచ్చేదాకా, లేదా నమ్మకమైన మనిషి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా పక్కనే ఉండండి. గుట్టు నియమం ఇక్కడ వర్తించదు, ఆ మాట మొదటి రోజే చెప్పారు కూడా.

పల్లెల్లో పెద్ద ప్రమాదం పురుగుమందు. ఆత్మహత్య ఆలోచన చాలాసార్లు కొద్ది గంటలే ఉధృతంగా ఉంటుంది. ఆ కొద్ది గంటల్లో చేతికి ఏం అందుతుందన్న దాని మీదే ప్రాణం ఆధారపడుతుంది. శ్రీలంక ఎక్కువ విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక, 1990ల మధ్యలో అత్యధికంగా ఉన్న ఆత్మహత్యల రేటు ఇరవై ఏళ్లలో మూడింట రెండొంతులకు పైగా తగ్గింది. అదే దేశంలో ఇళ్లకు తాళం పెట్టెలు పంచి చూసిన పెద్ద పరిశోధన 2017లో వచ్చింది, దానివల్ల తేడా కనబడలేదు. తాళం చెవి ఇంట్లోనే ఉంటే తాళం ఉన్నా లేనట్టే కదా. అందుకని ముప్పున్న మనిషి ఇంట్లోంచి మందు డబ్బాలు పూర్తిగా బయటికి వెళ్లాలి. బంధువుల ఇంటికో, వేరే రైతు గోడౌనుకో పంపించండి. పంపించామని చెబితే సరిపోదు, వెళ్లి చూడండి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఫోన్లు ఆపకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేసిన ఒక అధ్యయనంలో, ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్లతో ఒక గంట మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికి వెళ్లో పలకరించారు. అలా పలకరించినవాళ్లలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 2.2 శాతం. తొమ్మిది పలకరింపులకు పెద్ద డబ్బు, పెద్ద చదువు అక్కర్లేదు. క్యాలెండర్‌లో తేదీలు గుర్తుపెట్టుకుంటే చాలు.

8. ఇంటిల్లిపాదితో కూర్చోవడం

కుటుంబాన్ని కలిపి కూర్చోబెట్టే ముందు ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడండి, ఎంత చిన్నవాళ్లయినా. ముఖ్యంగా భార్యతో విడిగా: "ఇంట్లో ఎప్పుడైనా భయమేస్తుందా? ఎవరైనా చెయ్యి చేసుకుంటారా?" కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో భార్యాభర్తలను కలిపి కౌన్సెలింగ్ చేయకూడదు. గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి. 'సర్దుకుపోండి' అనే మాట మీ నోట రాకూడదు. ఆమె బయటికి వెళ్లిపోవాలనుకుంటే ఆ వెళ్లే సమయమే అన్నిటికన్నా ప్రమాదమని గుర్తుంచుకోండి. కాగితాలు, మందులు, కొంత డబ్బు, ఒక ఫోన్ నంబరు, ఎక్కడికి వెళ్లాలన్నది ముందే సిద్ధం చేసుకోవాలి. నిర్ణయం ఆమెదే, తొందరపెట్టకండి.

హింస లేదని తేలితే కలిసి కూర్చోవడం చాలా మేలు చేస్తుంది. ఫిన్లాండ్ ఉత్తరాన లాప్లాండ్ పశ్చిమ ప్రాంతంలో 1980లలో మొదలైన ఒక పద్ధతిలో, మొదటి ఫోన్ వచ్చిన 24 గంటల్లోపే కుటుంబాన్ని కలుస్తారు, వీలైతే వాళ్ల ఇంట్లోనే. చివరిదాకా అదే బృందం వస్తుంది. డాక్టర్లు, నర్సులు తమలో తాము ఆలోచించుకునే మాటలు కూడా కుటుంబం ఎదుటే మాట్లాడుకుంటారు. ఈ చివరి సంగతి చిన్న ఊళ్లకు చాలా అవసరం. వెనకాల ఏదో అనుకుంటున్నారన్న అనుమానం అక్కడే పోతుంది. న్యూజిలాండ్ 1989 చట్టం తెచ్చిన కుటుంబ సమావేశాల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది. అధికారులు సమాచారమంతా చెప్పి బయటికి వెళ్లిపోతారు. పిల్లల విషయంలో ఏం చేద్దామో కుటుంబం తలుపు వేసుకుని తనే మాట్లాడుకుంటుంది. మీరూ అరగంట బయటికి వెళ్లండి. వాళ్లు వేసుకున్న ప్రణాళిక వాళ్లే నడుపుకుంటారు.

తాగుడు సమస్య అయితే రెండు జాగ్రత్తలు. రోజూ బాగా తాగే మనిషిని 'ఇవాళ్టి నుంచి మానేయ్' అని ఒట్టు వేయించకండి. ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమించి ప్రాణం పోయేంత ప్రమాదం రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మందులతో ఆపించాలి. రెండోది, ఆయన రానంటున్నాడని ఇంట్లోవాళ్లను వెనక్కి పంపకండి. సైకాలజిస్ట్ రాబర్ట్ మేయర్స్ రూపొందించిన 'క్రాఫ్ట్' పద్ధతి అచ్చంగా ఆ ఇంట్లోవాళ్ల కోసమే. తాగని పూట ఇష్టమైన పని చేసిపెట్టడం, తాగిన పూట వాదన పెట్టుకోకుండా తప్పుకోవడం, తాగి చేసిన తప్పులను కప్పిపుచ్చకపోవడం, వైద్యానికి రమ్మని అడగడానికి సరైన ఘడియ చూసుకోవడం నేర్పుతారు. 1999లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది తాగేవాళ్లు వైద్యానికి ఒప్పుకున్నారు. అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే.

9. పైకి పంపేటప్పుడు

లేనివి కనబడటం, వినబడటం, రోజుల తరబడి నిద్రలేకుండా విపరీతంగా తిరగడం, కాన్పయిన కొద్ది రోజులకే తల్లి మాట తీరు మారిపోవడం, తిండి నీళ్లు పూర్తిగా మానేయడం, ఇవి కనబడితే మీరు కౌన్సెలింగ్‌తో నెట్టుకురావద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి.

చీటీ రాసిచ్చి 'వెళ్లండి' అంటే సగంలో ఆగిపోతారు. వాళ్ల ఎదుటే ఆసుపత్రికి ఫోన్ చేయండి, ఎవరిని అడగాలో పేరుతో చెప్పండి, ఏ బస్సు, ఎవరు తోడు, ఇంట్లో పశువులనూ పిల్లలనూ ఆ రోజు ఎవరు చూస్తారు అన్నది కూడా కూర్చుని తేల్చండి. తిరిగొచ్చాక ఏం చెప్పారో కనుక్కోండి. మందులు మొదలుపెట్టిన తర్వాత రెండు వారాలు ముఖ్యం. డిప్రెషన్ మందుల గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, చిన్న చిన్న ఇబ్బందులు మాత్రం ముందే మొదలవుతాయి. ఆ సంగతి తెలియక చాలామంది మానేస్తారు.

10. కౌన్సెలర్‌ను చూసుకునేది ఎవరు

ఊరి దుఃఖమంతా విని అదే ఊళ్లో నిద్రపోవాల్సిన మనిషి ఆమె. ఇంటికెళ్లి భర్తకు చెప్పుకోలేదు, స్నేహితురాలికీ చెప్పుకోలేదు. వారానికో, రెండు వారాలకో ఒకసారి వేరే ఊరి అనుభవజ్ఞులతో ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు లేకుండా ఎవరినీ ఈ పనిలోకి దించకండి. గోవాలో సంగత్ కౌన్సెలర్లు అనుమతి తీసుకుని రికార్డు చేసిన సెషన్లను ఒకరివి ఒకరు విని మార్కులు వేసుకునేవాళ్లు. నిపుణులు దగ్గర లేనిచోట ఇది చక్కగా కుదురుతుంది. రాత్రి పది తర్వాత ఫోన్ ఎవరు ఎత్తాలో వంతులు వేసుకోండి. జీతమో, గౌరవ వేతనమో తప్పకుండా ఇవ్వండి. సేవాభావం పేరుతో ఉచితంగా చేయించుకుంటే ఏడాది తిరిగేసరికి మంచి మనుషులే ముందు వెళ్లిపోతారు.

నిధులు ఆగిపోయే రోజు కూడా రావచ్చు. మారుమూల ఊళ్లు ఇలాంటివి చాలా చూశాయి: ఎవరో వస్తారు, మనసు విప్పిస్తారు, ఒక రోజు రావడం మానేస్తారు. మీరు ఆపాల్సి వస్తే కనీసం మూడు నెలల ముందు ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పండి, ఎవరిని ఎక్కడికి అప్పగిస్తున్నారో వాళ్లతోనే కూర్చుని నిర్ణయించండి. నోట్సు ఎక్కడ భద్రపరచాలో, ఏవి కాల్చేయాలో మీ చట్టం ప్రకారం తేల్చుకోండి. ఆ ఫోన్ నంబరు మాత్రం వెంటనే ఆపేయకుండా, ఇంకో ఆరు నెలల పాటు ఎవరైనా ఎత్తేలా చూడండి.